అమ్మగారి సంతకం

ఫిబ్రవరి 4

బుల్లీ,

నేను ఉత్తరం రాసి నెల దాటింది. నీ దగ్గర నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఫోన్ చేద్దామంటే మీ ఇంట్లో స్పీకర్ పెట్టేసి మీ అత్తగారు, మీ ఆయన, నీ కూతురు పిచ్చుక ముగ్గురూ హాల్లో కూర్చుని వింటారు. చెల్లెలితో మాట్లాడినట్టు ఉండదు, సభలో ప్రసంగించినట్టు ఉంటుంది. అందుకే మళ్లీ కలం పట్టాను.

నా క్షేమం అడుగుతావేమో, రోజూ రెండు పూటలా ఏడుస్తున్నాను. ఆదివారం సెలవు. మా సీరియల్ రెండు వందల ఎపిసోడ్లు దాటింది. ఈ వారం పెద్ద సీను తీశారు. నా పాత్రకి, అదే అమ్మగారికి, హెడ్మిస్ట్రెస్ ఉద్యోగం వస్తుంది. ఆ ఆర్డరు పట్టుకుని గుమ్మంలో నిలబడి, బడి నుంచి వస్తున్న పిల్లల్ని చూసి, కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి పొయ్యిలో వేసేస్తుంది. కెమెరా ఎడమ పక్కనుంది కాబట్టి కన్నీళ్లు ఆ కంట్లోంచే రావాలన్నాడు డైరెక్టరు. ఒక్క టేకులో వచ్చాయి. లైట్లు సర్దే పెద్దాయన కూడా కళ్లు తుడుచుకున్నాడు. ఆయనకీ గ్లిజరిన్ తగిలిందేమోనని నా అనుమానం.

నిన్న గురువారం, సంతకాల రోజు. అభిమానులు రాసే ఉత్తరాలు చదవడానికి ఆఫీసులో ఒకమ్మాయి ఉంది. ఆమే చదువుతుంది, ఆమే చిరునామాలు రాస్తుంది, అచ్చేసిన కార్డులు యాభై తెచ్చి నా ముందు పెడుతుంది. ఒకపక్క మేకప్ వేస్తుంటే నేను 'మీ అమ్మగారు' అని సంతకాలు గీకేస్తాను. కన్నది లేదు, పెంచింది లేదు, వారానికి యాభై మందికి అమ్మనవుతున్నాను.

ఇంతకీ నీ శిక్షణ సంగతి ఏమైంది? పిల్లలకి కృత్రిమ కాళ్లు చేయడం నేర్పే ఐదు నెలల కోర్సుకి మీ వర్క్‌షాపు మొత్తం మీద నిన్నొక్కదాన్నే ఎంపిక చేశారని డిసెంబరులో రాశావు. ఎప్పుడు వెళ్తున్నావు? పిచ్చుక పుట్టినరోజుకి పంపిన ఏనుగు కార్డు అందిందా?

నీ అక్క
(ఏడుపు శాఖ)


ఫిబ్రవరి 11

అక్కా,

ఉత్తరం అందింది. అందరం బాగున్నాం.

కార్డు కూడా అందింది. అత్తయ్య దాన్ని లామినేషన్ చేయించి ఫ్రిజ్ తలుపుకి అతికించారు. పాలు తీసినప్పుడల్లా చదువుకుంటున్నాను. నీ అభిప్రాయం అర్థమైంది. నాతోనే చెప్పి ఉంటే బాగుండేది.

కోర్సు ఏప్రిల్ ఒకటిన మొదలు. మార్చి పదిలోపు ఏ సంగతో చెప్పమన్నాడు మా వర్క్‌షాపు పెద్దాయన. రానని చెప్పేద్దామనుకుంటున్నాను. పని ఎక్కువగా ఉంది. ఉంటాను.

చెల్లి


ఫిబ్రవరి 16

బుల్లీ,

ఉత్తరమా అది? ఆఫీసు మెమోలా ఉంది. రెండుసార్లు తిప్పి చూశాను, వెనకాలేమైనా రాశావేమోనని.

ఆ కార్డులో నా అభిప్రాయం ఏముందే? 'బాగా తిని నా అంత అవ్వాలి' అని ఏనుగు నోట్లోంచి ఒక ముక్క రాశాను, అంతేగా! పిల్ల బొద్దుగా ఉందని వెక్కిరించాననుకున్నావా? మీ అత్తగారు దాన్ని ఫ్రిజ్‌కి అతికించారంటే ఆవిడకి నచ్చిందనే కదా. ఆవిడకున్న హాస్యం నీకు లేకుండా పోయింది. చిన్నప్పుడు ఇలా ఉండేదానివి కాదు.

కోర్సుకి వెళ్లనన్నావు. సరేలే, ఆలోచించే అని ఉంటావు. పిల్ల చిన్నది. ఓ ఏడాది ఆగితే కొంపలేం మునిగిపోవు. ఇలాంటి అవకాశాలు మళ్లీ రాకపోవు.

ఇక్కడ మాటలు రాసే కుర్రాయన కొత్తగా వచ్చాడు. కొడుకు ఆకలి అనేలోపే అమ్మగారు కంచం పట్టుకుని ప్రత్యక్షమయ్యే సీను రాశాడు. "బాబూ, అడగందే అమ్మయినా పెట్టదని మనవాళ్లు ఊరికే అన్నారా? వాణ్ణి ఒక్కసారి అడగనివ్వు" అన్నాను. "సామెతలో అమ్మ వేరండీ, మన అమ్మగారు వేరు" అన్నాడు. నిజమే కాబోలు. సామెతల్లో అమ్మకి పనుంటుంది, మరుపుంటుంది, విసుగుంటుంది. అమ్మగారికి అవేం లేవు. రెండు వందల ఎపిసోడ్లలో ఆవిడ ఒక్కసారి కూడా కూర్చుని టీ తాగలేదు.

కోపం తగ్గాక రాయి.

అక్క


ఫిబ్రవరి 21

అక్కా,

ఏనుగు కార్డు పిచ్చుక పుస్తకాల సంచిలో ఉంది. నేను చెప్పిన కార్డు అది కాదు.

ఫ్రిజ్ మీద ఉన్న కార్డులో ఏముందో యథాతథంగా రాస్తున్నాను. పైన నీ ఫోటో. కింద 'అమ్మ ఇంట్లో ఉంటేనే అది ఇల్లు. లేకుంటే నాలుగు గోడలే.' దాని కింద నీ చేతిరాతతో 'మీ అమ్మగారు'. నీ రాత నాకు తెలీదా?

అత్తయ్య నాకు తెలియకుండా జనవరిలో మీ సీరియల్ ఆఫీసుకి ఉత్తరం రాశారట. 'మా కోడలు ఉద్యోగం కోసం ఆరేళ్ల పిల్లని వదిలి ఐదు నెలలు వెళ్తానంటోంది, ఏం చేయమంటారు అమ్మగారూ' అని. కార్డు వచ్చిన రోజు దాన్ని నా ముందు పెట్టి "చూశావా!" అన్నారు. "అత్తయ్యా, ఆవిడ మా అక్క. నన్నడిగితే నేనే కనుక్కునేదాన్నిగా" అన్నాను. "నేను మీ అక్కకి రాయలేదమ్మా. అమ్మగారికి రాశాను" అన్నారు. నిజంగా అలాగే అన్నారు.

నువ్వు కాగితం చింపిన ఎపిసోడు కూడా చూశాం. సాయంత్రం ఏడింటికి నలుగురం వరసగా కూర్చున్నాం. నీకు ఎడమ కంట్లోంచి నీళ్లొచ్చాయి. అత్తయ్యకి రెండు కళ్లలోంచీ వచ్చాయి. మా ఆయన గోళ్లు చూసుకుంటూ కూర్చున్నారు. పిచ్చుక నా వైపు తిరిగి "అమ్మా, నీ కాగితం కూడా చింపేస్తావా?" అంది. దాని గొంతులో ఆశ ఉందో భయం ఉందో నాకు తెలియలేదు. నేను లేచి వెళ్లి గిన్నెలు తోముకున్నాను. అంతకుముందే తోమిన గిన్నెలు.

ఏడాది ఆగితే కొంపలు మునగవన్నావు. మా దగ్గరికి ఏడేళ్ల పాప ఒకతె వస్తుంది. ఎడమ కాలు మోకాలి కింద నుంచి లేదు. పెద్దవాళ్ల కాలు ఒకసారి చేస్తే ఏళ్ల తరబడి వస్తుంది. పిల్లలు పెరుగుతారు కదా, ఏడాదికోసారి కొత్తగా అచ్చు తీసి చేయాలి. ఆ పని మా వర్క్‌షాపులో ఎవరికీ రాదు. ఆ పని చేసే చోటుకి ఇక్కడి నుంచి పది గంటల ప్రయాణం, వాళ్ల నాన్నకి అన్ని రోజులు సెలవు దొరకదు. ఇప్పుడా పాప వేసుకునేది నిరుడు అక్కడ చేయించిన కాలు, రెండు వేళ్ల మందం పొట్టి అయింది. బూటులో అట్టముక్కలు మడిచి పెట్టుకుని వస్తుంది. నేను పట్టీ బిగించి పంపుతున్నాను. నాకు చేతనైంది అంతే. ఏడాది ఆగితే తను ఇంకో రెండు వేళ్లు పెరుగుతుంది.

ఒక్క మాట సూటిగా చెప్పు. ఆ కార్డు మీద రాసింది నువ్వు నమ్ముతావా?

చెల్లి


ఫిబ్రవరి 25

బుల్లీ,

నీ ఉత్తరం చదివి షూటింగు ఆపించాను. తలనొప్పి అని అబద్ధం చెప్పాను.

ముందు నా తప్పు ఒప్పుకోనీ. కార్డు మీద ఏం అచ్చేశారో ఈరోజు దాకా నేను చదవలేదు. మొదటివారం 'మీ అభిమానానికి కృతజ్ఞతలు' అని ఉండేది, ఎప్పుడూ అదే ఉంటుందనుకున్నాను. నాలుగు రకాలున్నాయట! ఉత్తరం ఎలాంటిదో చూసి ఆ అమ్మాయి ఒకటి తీసి పంపుతుందట. మీ అత్తగారి చిరునామా నా ముందు నుంచే వెళ్లింది. మేకప్ ఆయన కళ్లు మూసుకోమన్నాడు, నేను కళ్లు మూసుకునే సంతకం చేశాను. సిగ్గుగా ఉంది.

మీ అత్తగారికి విడిగా ఉత్తరం రాసి ఇదే కవర్లో పెట్టాను. 'అత్తయ్యగారూ, అది నేను చదవకుండా చేసిన సంతకం, దయచేసి దాన్ని ఫ్రిజ్ మీద నుంచి తీసేయండి, మా చెల్లి వెళ్లాలనే నా కోరిక' అని వివరంగా రాశాను. ఇచ్చెయ్యి.

ఇక నీ ప్రశ్న. నమ్మనని వెంటనే రాసేశాను. ఆ కాగితం చింపేశాను (అమ్మగారిలా నాలుగు ముక్కలు కాదు, రెండే). అది పూర్తిగా నిజం కాదు కనుక.

నీకు నాలుగేళ్లప్పుడు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో అమ్మకి ప్రమోషనిచ్చి పది నెలలు వేరే ఊరికి శిక్షణకి పంపారు. నాకు పన్నెండు. నాన్న ఉన్నాడు, పేపరు వెనకాల. నీకు జడలు వేసింది, ముక్కు తుడిచింది, జ్వరమొస్తే బడి మానేసి పక్కన కూర్చున్నది నేను. అమ్మ రైలెక్కేటప్పుడు ఏడవలేదు. కొత్త బ్యాగు భుజానికి తగిలించుకుని నవ్వుతూ ఎక్కింది. ఆ నవ్వుని నేను చాలా ఏళ్లు క్షమించలేదు. నాకిప్పుడు గ్లిజరిన్ లేకుండా కన్నీళ్లు కావాలంటే తలుచుకునేది ఆ ప్లాట్‌ఫామ్‌నే. జనం దాన్ని చూసి తల్లి ఏడుపనుకుంటారు, కాని అది ఒక పిల్ల ఏడుపు.

అందుకని, నమ్ముతావా అంటే, సగం నమ్ముతాను. ఆ సగం వయసు పన్నెండేళ్లు. నలభై ఆరేళ్లదాన్ని అడిగితే వెళ్లమంటుంది. అమ్మ పోయి తొమ్మిదేళ్లయినా ఈ మాట ఎవరికీ చెప్పలేదు, నీకు చెబుతున్నాను.

ఇంకో సంగతి. అప్పుడు వెళ్లడం వెళ్లకపోవడం గురించి నన్నెవరూ ఒక్క మాట అడగలేదు. నువ్వు పిచ్చుకని అడుగు.

అక్క


మార్చి 4

అక్కా,

నీ ఉత్తరం అత్తయ్యకి ఇచ్చాను. కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి మడిచి నా చేతిలో పెట్టారు. "ఇది అమ్మగారు రాసింది కాదు. ఆవిడ ఇలా రాయరు. ఎవరో రాయించారు" అన్నారు. నా వైపు చూస్తూ. నీ మాట కన్నా నీ పాత్ర మాటకే విలువెక్కువ మా ఇంట్లో. ఇంట గెలిచి రచ్చ గెలవాలంటారు, నువ్వు రచ్చ గెలిచేసి ఇంట్లో ఓడిపోయావు.

నాకు బాగా నవ్వొచ్చింది. చాలా రోజుల తర్వాత. నవ్వుతూనే ఆవిడ పక్కన కూర్చుని "అత్తయ్యా, కార్డు సంగతి వదిలేయండి. మీకు దేనికి భయం?" అని అడిగాను. మోకాళ్ల మీద చేతులు వేసుకుని "పిల్ల రోడ్డు మీదకి పరిగెడితే నేను పట్టుకోలేనమ్మా. అది చెబితే ముసలిదైపోయింది, దేనికీ పనికిరాదంటారు. అదే అమ్మగారు చెబితే నీతిలా ఉంటుంది" అన్నారు. ఇన్ని నెలలూ మేమిద్దరం యుద్ధం చేసింది మోకాళ్ల నొప్పుల మీద!

మా ఆయన సంగతి తెలుసుగా, గోడ మీద పిల్లి. "మీరిద్దరూ ఎలా అంటే అలా" అన్నారు. "అమ్మ ఉంటే ఇల్లు, లేకపోతే గోడలు. మరి నాన్న ఉంటే ఏమవుతుందండీ, గోడౌనా?" అన్నాను. మర్నాడు ఆఫీసులో, పిచ్చుక బడి నుంచి వచ్చేసరికి ఇంట్లో ఉండేలా, పొద్దుటి షిఫ్టుకి మార్చమని అర్జీ పెట్టుకుని వచ్చారు. మే నుంచి ఇస్తారట. ఏప్రిల్ ఒక్క నెలా ఎలాగన్నదే తేలలేదు.

ఆ ఏడాది గురించి రాశావు. నాకు అమ్మ లేని ఏడాది ఒకటి ఉందని కూడా గుర్తు లేదు. కుర్చీ వెనకాల నిలబడి, దువ్వెన పళ్ల మధ్య పట్టుకుని, పాట కూనిరాగం తీస్తూ నాకు జడ వేయడం గుర్తుంది. అది అమ్మ అనుకున్నాను. ముప్పై నాలుగేళ్లుగా అమ్మే అనుకుంటున్నాను. నువ్వా అక్కా? ఉత్తరం పట్టుకుని వర్క్‌షాపులో ప్లాస్టర్ బస్తా మీద కూర్చుండిపోయాను. నన్ను అంత బాగా చూసుకోకపోతే నాకు ఆ ఏడాది గుర్తుండేదేమో. నీకు ఎంత కష్టమైందో అప్పుడు తెలిసేదేమో.

పిచ్చుకని అడగమన్నావు, అడిగాను. కాళ్ల బొమ్మ గీసి, పాప సంగతి చెప్పి, ఐదు నెలలంటే ఎన్ని ఆదివారాలో క్యాలెండర్లో చూపించి మరీ అడిగాను. అంతా విని "వద్దు" అంది. అడిగితే వద్దంటే ఏం చెయ్యాలో నువ్వు రాయలేదు.

పదో తేదీ దగ్గరపడుతోంది.

చెల్లి


మార్చి 7

బుల్లీ,

ఇది స్పీడ్ పోస్టులో వేస్తున్నాను.

పిల్ల వద్దంటే ఏం చెయ్యాలో నాకూ తెలియదు. తల్లి పాత్రలు పన్నెండు వేశాను, ఒక్కదానిలోనూ పిల్లలు వద్దనలేదు. కాని ఇంతవరకు చెప్పగలను: అడిగి, వద్దన్నది విని, కాదని వెళ్లేదానికీ, అడక్కుండా వెళ్లేదానికీ తేడా ఉంది. కోపం వస్తుంది, నిజమే. ఎవరి మీద రావాలో తెలిసిన కోపం అది. నాకు ఆ తెలివిడి లేక, లోకంలో అందరి మీదా వచ్చింది. నీ జడలు ఎంత గట్టిగా వేసేదాన్నో నీకు గుర్తు లేకపోవడం నా అదృష్టం.

ఏప్రిల్ సంగతి నాకు వదిలెయ్యి. నిన్న నిర్మాత దగ్గరికెళ్లి నెల రోజులు సెలవు అడిగాను. "అమ్మగారు లేకుండా సీరియలేంటండీ" అని గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. మాటలు రాసే కుర్రాయనే ఉపాయం చెప్పాడు. అమ్మగారు మెట్ల మీద నుంచి పడి కోమాలోకి వెళ్తారు. ఐదు రోజులు నన్ను మంచం మీద పడుకోబెట్టి నెలకి సరిపడా తీసేస్తారు. పిల్లలు నా చుట్టూ చేరి ఏడుస్తారు, నేను ఏడవక్కర్లేదు. నా వృత్తి జీవితంలో ఇంత సుఖమైన పాత్ర ఇంకోటి రాలేదు.

ముప్పయ్యో తారీఖు పొద్దున్నే మీ ఇంట్లో దిగుతాను. మీ అత్తగారికి ముందే చెప్పు, వచ్చేది అమ్మగారు కాదు, కోడలి అక్క. టీ కూడా సరిగా పెట్టడం రాదు. కాని మోకాళ్లు బాగున్నాయి, రోడ్డు మీద పరిగెట్టగలదు.

నువ్వు వెళ్లు. ఈసారి ఇది నేను చదివే సంతకం చేస్తున్నాను.

నీ అక్క


ఏప్రిల్ 19

బుల్లీ,

నీ ఉత్తరాలు మూడూ అందాయి. మొదటి అచ్చు పగిలిపోయిందని రాశావు, రెండోది నిలబడిందని రాశావు. పిల్లల కాలికి కొలత తీసుకునేటప్పుడు వాళ్లు నవ్వి కదిలిపోతారని, అందుకే అచ్చు చెడుతుందని రాసింది మీ ఆయనకి చదివి వినిపించాను. రెండుసార్లు చదివించుకున్నారు.

ఇక్కడి సంగతులు. ఏడింటికి మీ అత్తగారూ నేనూ ఒకే సోఫాలో కూర్చుంటాం. టీవీలో నేను కోమాలో ఉంటాను. ఆవిడ వెక్కి వెక్కి ఏడుస్తారు. మొన్న నేను ఓదారుద్దామని ముందుకి వంగితే "కాస్త పక్కకి జరుగమ్మా, అమ్మగారు కనబడటం లేదు" అన్నారు. ఫ్రిజ్ మీద కార్డు ఇంకా అలాగే ఉంది. నేనే పీకేద్దామనుకున్నాను. పోనీలే, ఆవిడది. మోకాళ్లకి రాసే మందు మాత్రం ఇప్పుడు దాచుకోకుండా హాల్లోనే రాసుకుంటున్నారు.

ఇల్లు నడపడం నాకు చేతకావడం లేదని నిజాయితీగా ఒప్పుకుంటున్నాను. పిచ్చుక బడిలో పడి మోచెయ్యి దోక్కుని వచ్చింది. చూసి నాకు కళ్లనీళ్లు తిరిగాయి. అది నా మొహంలోకి పరీక్షగా చూసి "పెద్దమ్మా, షూటింగా?" అంది. కాదని నమ్మించడానికి పావుగంట పట్టింది. ఇంకోరోజు పొద్దున్న అరిచాను కూడా, బూట్లు దొరకలేదని. అరిచాక టీ పెట్టుకుని, కూర్చుని, పూర్తిగా తాగాను. అమ్మగారు చేయలేని పని చేశాను.

ఇప్పుడు అసలు సంగతి. పిచ్చుక నీకు జవాబు ఎందుకు రాయడం లేదని ప్రతి ఉత్తరంలో అడుగుతున్నావు. పని హడావిడి, పరీక్షలు అని నేను రాసినవి అబద్ధాలు. అది రాయనంటోంది. నీ ఉత్తరం చదివితే వింటుంది, కాగితం ముందు పెడితే లేచి వెళ్లిపోతుంది.

నేను బలవంతం చేయలేదు. నిన్న దాని పక్కన నేల మీద కూర్చుని నాకు తెలిసింది చెప్పాను. అమ్మ ఆ పది నెలల్లో నాకు పదహారు ఉత్తరాలు రాసింది బుల్లీ. నేను ఒక్కదానికీ జవాబు రాయలేదు. ఇది మొన్న నీకు కూడా రాయలేకపోయాను.

"ఎందుకు రాయలేదు?" అంది పిచ్చుక.

"కోపం."

"మీ అమ్మ తిట్టిందా?"

"లేదు. వచ్చాక కూడా ఎందుకు రాయలేదని అడగలేదు. నేనూ చెప్పలేదు."

"తర్వాత చెప్పావా?"

"తర్వాత ఇంకెప్పుడూ చెప్పలేదు. ఆవిడ చచ్చిపోయింది."

అది మళ్లీ నా మొహంలోకి చూసింది. ఈసారి షూటింగా అని అడగలేదు. లేచి వెళ్లి పుస్తకాల సంచిలోంచి కాగితం చింపుకొచ్చి, నాకు వీపు పెట్టి కూర్చుని, పెన్సిల్ నొక్కి నొక్కి రాసింది. నన్ను చూడనివ్వలేదు. మడిచి ఇచ్చి "అంటించెయ్యి" అంది. కాని పెద్దమ్మని కదా, చూశాను. ఒక్క అక్షరం దిద్దకుండా ఇందులో పెడుతున్నాను. చదివి ఏడవకు. లేదా ఏడువు, నీ ఇష్టం.

నీ అక్క


అమ్మా

నాకు నీ మీద చాలా కోపం. కోపంగానే రాస్తున్నాను. నువ్వు రాయడం మానెయ్యకు.

పిచ్చుక